బొంగురు రాళ్ళు

భాద్రపద బహుళ పంచమి

ఈ పుస్తకం ముందు పేజీలు రాళ్ళవి. రాయి నంబరు, పక్కన తెల్ల గుర్తో ఎర్ర గుర్తో, అంతే. పదిహేనేళ్ళుగా అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు నేను. వెనక పేజీలు ఎవరూ తిప్పరు కాబట్టి ఇవాళ ఇక్కడ మొదలుపెట్టాను. మనసులో పెట్టుకుని తిరగడం ఇక నా వల్ల కావడం లేదు.

ఇవాళ మా అమ్మాయి మాణిక్యానికి సుత్తి ఇచ్చారు. పన్నెండేళ్ళు నిండి నెల కాలేదు. మా గట్టుపేట సముద్రపు గోడ మీద ఇంత చిన్న వయసులో సుత్తి అందుకున్నవాళ్ళు లేరని బాపన్న మేస్త్రి ఊరందరి ముందూ చెప్పాడు. గోడ వినేవాళ్ళు ఊరికి ఇద్దరుండాలి. పోయినేడు వీరవెంకన్న కాలం చేశాక నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే మేస్త్రికి ఈ తొందర.

పరీక్ష అంటే పెద్ద తతంగమేమీ కాదు. మూడొందల ఒకటో రాయి నుంచి నాలుగొందలో రాయి దాకా ముందు నేనొక్కణ్ణే నడిచాను. సుత్తితో రెండు దెబ్బలు వెయ్యాలి, ఎడమ అరచెయ్యి రాతికి ఆనించాలి, కళ్ళు మూసుకుని వినాలి. బతికున్న రాయి ఖంగుమంటుంది, చచ్చిన రాయి బొద్దుమంటుంది. మామూలు చెవికి సముద్రం హోరులో రెండూ ఒకటే. పలికిన రాయికి తల ఊపి తెల్ల గుర్తు పెట్టుకుంటూ పోవాలి. నేను దిగాక మాణిక్యం తన పుస్తకం పట్టుకుని ఒక్కతే నడిచింది. తర్వాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క రాయి తేడా లేదు. అన్నీ తెల్ల గుర్తులే.

"చూశారా ఆ తల వాల్చడం? అచ్చు గుద్దినట్టు ఆళ్ళ నాన్నే!" అన్నాడు మేస్త్రి. జనం చప్పట్లు కొట్టారు. కదులుతున్న చేతులు చూసి చప్పట్లని తెలుసుకున్నాను.

నాకు వినపడదు. హమ్మయ్య, రాసేశాను. నాలుగేళ్ళ కిందట పంపుల షెడ్డులో గొట్టం పేలినప్పుడు ఎడమ చెవి అక్కడికక్కడే పోయింది. కుడిది కొంచెం కొంచెంగా పోయింది. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాను. అందకపోతే తల ఊపుతాను. తల ఊపితే చాలు, ఎదుటివాడు తృప్తిగా వెళ్ళిపోతాడు. ఈ సంగతి మా ఆవిడ నూకరత్నానికి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళంతా మెచ్చుకునే ఆ తల వాల్చడం పనితనం కాదు. మిగిలిన కాస్త చెవినీ రాతికి దగ్గర చేసుకునే చెవిటివాడి అవస్థ. దాన్ని చూసి నేర్చుకుంది నా కూతురు.

అయినా ఇవాళ గుండె తేలికపడింది. మాణిక్యానివి పాము చెవులు. మూడేళ్ళుగా నా వెనక మూడడుగుల దూరంలో నడుస్తూ, నేను కొట్టిన రాయినే మళ్ళీ కొడుతూ వచ్చింది. వెనకాల దాని చెవులున్నాయి కదా, తేడా వస్తే అదే ఆగిపోతుంది కదా అన్న ధైర్యంతోనే నడిచాను ఇన్నాళ్ళూ. అది ఒక్కనాడూ ఆగలేదు. ఇవాళ నేను లేకుండా ఒంటరిగా విని కూడా వందకి వందా పలికాయంది. అంటే గోడ బాగుంది. దేవుడు నా పరువు కాపాడాడు అనుకుని రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.


భాద్రపద బహుళ షష్ఠి

పొద్దున్నే సోమాలమ్మ పిన్ని కబురు పెట్టింది. పిన్ని అంటే రక్తసంబంధం కాదు. మా అమ్మ గోడకి సున్నం మోయడానికి పోతే నన్ను చంకన వేసుకు తిరిగిన మనిషి. ఉండేది పల్లపు వీధిలో, గోడకి ఆనుకునే. పోటు వచ్చిందంటే సముద్రం వాళ్ళ ఇంటికప్పుల కంటే ఎత్తున నిలబడుతుంది గోడ అవతల.

"ఇదేటో చూడరా చలం. మొన్న తుడిచాను, నిన్న తుడిచాను. మళ్ళీ తయారు" అంటూ పొయ్యి వెనక గోడ చూపించింది. తెల్లగా పొక్కులు. వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే.

"వానాకాలం కదా పిన్నీ. చెమ్మ" అన్నాను.

"చెమ్మేటి నీ మొహం! చెమ్మ ఉప్పగా ఉంటదేటి?" అంది. అటు తిరిగి ఇంకా ఏదో అంది. పెదాలు కనపడలేదు. తల ఊపాను. ఆవిడ శాంతించి నా చేతిలో రెండు జంతికలు పెట్టింది.

తింటూ వస్తుంటే మలుపులో పిల్లలు ఆడుకుంటున్నారు. ఈ ఊళ్ళో పిల్లలకి బొమ్మలక్కర్లేదు, నాన్నలుంటే చాలు. పంపుల మనిషి కూతురు లేని నూనెని చేతులకి పట్టించుకుని గౌనుకి తుడుచుకుంటోంది. సున్నం మోసేవాడి కొడుకు నడుం పట్టుకుని వంగి నడుస్తున్నాడు. ఆరేళ్ళ వెధవకి నడుం నొప్పేంటి! మిగతా వాళ్ళంతా మాణిక్యంలాగా గోడ వినేవాళ్ళు. పుల్లలతో గోడని రెండు దెబ్బలు వెయ్యడం, చెయ్యి ఆనించడం, తల కుడివైపు వాల్చడం, ఊపడం. ఎనిమిది బుర్రలు ఒకేసారి కుడికి వాలాయి. నవ్వబోయాను గాని నవ్వు రాలేదు.

ఇంటికొస్తే మాణిక్యం నాలాగే తువ్వాలు తలకి చుట్టి, నాలాగే ఒక కాలు మడిచి కూర్చుని, టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటోంది. "దీనికి మీసం ఒక్కటే తక్కువ" అంది నూకరత్నం. పిల్ల మీసం దువ్వుకున్నట్టు చేసింది. ముద్దొచ్చింది. కాని పిన్ని పొయ్యి వెనక ఉప్పు ఎక్కడిదని లోపల ఒకటే గోల.


భాద్రపద బహుళ అష్టమి

పిన్ని పక్క రెండిళ్ళలోనూ ఉప్పు పొక్కింది. ఇక ఆగలేకపోయాను.

గోడ ఎక్కాక నోరు తెరవకూడదు, వినడానికి అడ్డమని. దిగాక ఇంట్లో రాళ్ళ ఊసెత్తకూడదు, పల్లపు వీధి వాళ్ళు బెదురుతారని. కళ్ళతో చూసి నేర్చుకోవాలి తప్ప అడగడాలూ చెప్పడాలూ లేవు. తాతల నాటి నియమం, నాకు మాత్రం భలే పనికొచ్చింది! మూడేళ్ళలో నేనూ నా కూతురూ రాళ్ళ గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం తలుపు మూసి, ఆ నియమం తప్పాను.

"అమ్మా, మొన్న పరీక్షలో రాళ్ళు ఎలా పలికాయి?"

అది తలుపు వైపు చూసింది. "ఇంట్లో అనకూడదు కదా నాన్నా."

"నీకు సుత్తి వచ్చేసిందిగా. ఇప్పుడు నువ్వూ నాతో సమానం. చెప్పు."

దాని మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళుగా చెప్పుకోవాలనుకుందో పాపం. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని నోరు బాగా తెరిచి మాట్లాడుతుంది. అది మా ఇంటి పద్ధతి అనుకుంటోంది.

"మొదటి డజను ఖంగుమన్నాయి నాన్నా. అక్కణ్ణించి అన్నీ తాతలే."

"తాతలేంటమ్మా?"

"ముసలి రాళ్ళు. గొంతు బొంగురుపోతదిగా. బొద్దు, బొద్దు అంటాయి. మొట్టమొదటిసారి విన్నప్పుడు నాకు భయమేసింది, చచ్చిపోయిందేమోనని. నీ మొహం చూశాను. నువ్వు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నిమ్మళంగా తల ఊపావు. అప్పుడు తెలిసింది, రాయి ముసలిదైతే అలాగే మాట్లాడతదని. చచ్చిన రాయి శబ్దం ఇంకా వేరే ఉంటదన్నమాట. నేనింకా దాన్ని వినలేదు."

నూకరత్నం చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"తాతలు ఎక్కణ్ణించి ఎక్కడిదాకా?" అన్నాను. నా గొంతు ఎలా ఉందో నాకు తెలియదు.

"మూడొందల పదమూడు నుంచి మూడొందల తొంభై ఎనిమిది దాకా. ముందు రెండో మూడో ఉండేవి. ఈ ఏడాదే గబగబా ముసలైపోయాయి."

ఎనభై ఆరు రాళ్ళు. వరసగా. పల్లపు వీధికి సరిగ్గా వెనక.

నేనేం చేశానో తెలుసా? తల ఊపాను. ఛీ! అలవాటు. పిల్ల తల్లి వైపు తిరిగి చేతులు చరిచింది. దాని పెదాలు చూశాను. "చూశావా అమ్మా, ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది" అంటోంది.

నేను దాని చెవులని నమ్ముకున్నాను. అది నా తలని నమ్ముకుంది. ఇద్దరి మధ్యా నిలబడి ఆ రాళ్ళు ఒక్కొక్కటే చచ్చాయి.


భాద్రపద బహుళ నవమి

"చెప్పెయ్యవయ్యా" అంది నూకరత్నం. "ఇయ్యాలే ఎల్లి చెప్పెయ్యి. అమావాస్య పోటుకి ఆరు రోజులుంది."

అది నాకూ తెలుసు. భాద్రపద అమావాస్య పోటంటే ఏడాదిలోకెల్లా పెద్దది, పొద్దున తొమ్మిదింటికి వస్తుంది. మా గోడ కట్టింది కాదు, పెంచింది. రాతిలో కంటికి కనపడని పురుగు ఉంటుంది. అది బెల్లం కలిపిన సున్నపు నీళ్ళు తాగి రాయిని పెంచుతుంది, పగుళ్ళు పూడుస్తుంది. పురుగు చచ్చిన రాతికి కన్నం వేసి మళ్ళీ పురుగుని ఎక్కించి, నాలుగు రోజులు మేత పోస్తే కోలుకుంటుంది. అంటే ఇంకా సమయం మించిపోలేదు.

"చెప్తే నన్ను పడవెక్కిస్తారు" అన్నాను. తెలిసి తప్పు గుర్తు పెట్టినవాడిని ఒంటరిగా పడవెక్కించి గోడ అవతలికి వదిలేయడం మా ఊరి శిక్ష.

"ఎక్కిత్తే ఎక్కిత్తారు. నేనూ వత్తాను. పల్లపు ఈధిలో డెబ్బై ఇళ్ళున్నాయి, మడిసివేనా నువ్వు?"

నిజానికి పడవ భయం కాదు నాది. మాణిక్యం ఉదయం సుత్తికి నూనె రాస్తూ పక్కింటి పిల్లతో "మా నాన్న చెవంటే చెవే, రాయి దగ్గినా తెలిసిపోతది" అంటుంటే చూశాను. అలాంటి కూతురికి ఎదురుగా కూర్చుని, మీ నాన్న చెవిటివాడు, నువ్వు నేర్చుకున్నదంతా అబద్ధం అని ఏ నోటితో చెప్పను? దానికి తెలియకుండానే సరిచేద్దామనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి!

మధ్యాహ్నం గోడెక్కి ఎనభై ఆరు రాళ్ళ మీదా ఎర్ర గుర్తు పెట్టాను. పుస్తకంలోనూ పెట్టి మేస్త్రికి చూపించాను.

"నాలుగు రోజుల కిందట అన్నీ తెల్లవే కదయ్యా!"

"ఒక్కసారిగా పోయాయి మేస్త్రి గారూ. అప్పుడప్పుడు అలా జరుగుతుంది" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం.

"పది ఎర్ర గుర్తులు దాటితే రెండో చెవి వినాలి, తెలుసుగా. బతికున్న రాతికి మళ్ళీ పురుగెక్కించి మేత పోత్తే ఒళ్ళు పెరిగి పక్క రాళ్ళని పగలదీత్తది. రేపు పొద్దున్న మీ అమ్మాయిని ఎక్కిద్దాం."

రెండో చెవి. ఊళ్ళో ఇక రెండో చెవి మాణిక్యానిదే కదా, ఆ సంగతి నా బుర్రకి తట్టనే లేదు. ఇంటికి వచ్చాక చెబుదామని మూడుసార్లు పిలిచాను. "ఏటి నాన్నా?" అంటూ మూడుసార్లూ అదే మొహంతో వచ్చింది. మూడుసార్లూ "ఏం లేదమ్మా, పో" అన్నాను. రేపు గోడ మీద నా మొహం చూస్తుందిగా, నేను తల అడ్డంగా ఊపితే అదే ఊపుతుంది అనుకున్నాను.


భాద్రపద బహుళ దశమి

మేస్త్రి, మేత పోసే ముఠా, నేనూ మాణిక్యమూ గోడెక్కాం. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడకూడదు. మూడొందల పదమూడు దగ్గర మాణిక్యం ఆగి రెండు దెబ్బలు వేసింది. చెయ్యి ఆనించింది. తల వాల్చింది. ఊపింది, బాగుందని. అప్పుడు కళ్ళు తెరిచి రాతి మీద నా ఎర్ర గుర్తు చూసి, నా వైపు చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను. అది కళ్ళు చిట్లించింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ నన్ను చూసింది. నేను మళ్ళీ అడ్డంగా ఊపాను. అప్పుడు అది కూడా, నెమ్మదిగా, అడ్డంగా ఊపింది.

మేస్త్రి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. నా భుజం పట్టుకుని మెట్ల దాకా తీసుకొచ్చి దిగమని వేలు చూపించాడు. కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన వేలు అలాగే ఉంది. దిగాను.

కింద నుంచి చూశాను. నా బిడ్డ ఒక్కతే ఎనభై ఆరు రాళ్ళూ కొట్టింది. ఎంత శ్రద్ధగా! ఒక్కో రాతి దగ్గరా చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నాలాగే తల ఊపింది. ప్రతి రాతికీ ఊపింది. ముఠావాళ్ళు వెనకాలే నా ఎర్ర గుర్తులు తడిగుడ్డతో తుడిచేశారు.

దిగాక మేస్త్రి ఎదుట నిలబడి చెప్పింది, నాకు పెదాలు కనపడేలాగే: "మా నాన్నని ఏమీ అనకండి మేస్త్రి గారూ. ఒంట్లో బాలేక పొరపాటు పడ్డాడు. ఈ రాళ్ళకి మూడేళ్ళుగా మా నాన్నే తల ఊపాడు. నేను ఎనకాలే ఉన్నాను."


భాద్రపద బహుళ ఏకాదశి

పంపుల షెడ్డు ముందు జనాన్ని పోగేసి చెప్పేశాను. నాకు వినపడదు, నాలుగేళ్ళుగా వినపడదు, నేను పెట్టిన తెల్ల గుర్తులన్నీ దొంగ గుర్తులని. ఎవరూ నమ్మలేదు. మేస్త్రి ఒకణ్ణి నా వెనక్కి పంపాడు. వాడు ఇనప రేకు మీద రెంచీతో బాదాడట. నేను కదల్లేదు. ఎదురుగా ఉన్న ఆడవాళ్ళు చెవులు మూసుకోవడం చూసి నాకు అర్థమైంది.

అప్పుడు నమ్మారు. ఒకడు నా మీద ఉమ్మేశాడు. ఉమ్మనీ. "ఇప్పుడైనా ఆ రాళ్ళకి మేత పోయండి" అని మొత్తుకున్నాను.

"నువ్వు చెవిటోడివైతే ఆ రాళ్ళు చచ్చాయని నీకెలా తెలిసింది?" అన్నాడు మేస్త్రి. సబబైన ప్రశ్నే.

"మాణిక్యం చెప్పింది. అవి బొంగురుగా మాట్లాడుతున్నాయంది. అది విన్నది సరిగ్గానే ఉంది మేస్త్రి గారూ, నన్ను చూసి తప్పుగా అర్థం చేసుకుంది. దాన్నే అడగండి. ఖంగుమన్నాయా బొద్దుమన్నాయా, ఆ ఒక్క మాట అడగండి."

జనం దారిచ్చారు. మాణిక్యం తువ్వాలు తలకి చుట్టుకునే నిలబడి ఉంది. రేకు మీద బాదినప్పుడు నేను తిరగకపోవడం అది చూసింది. దాని మొహం ఎలా ఉందో రాయలేను.

మేస్త్రి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెప్పమ్మా. నువ్వు బొద్దుమందంటే మీ నాయిన నాలుగేళ్ళుగా ఊరిని మోసం చేసినట్టు రుజువు. పడవెక్కించక తప్పదు. ఖంగుమందంటే మేత పొయ్యం. నిజం చెప్పు. ఏం విన్నావు?"

ఓరి దేవుడా, పసిపిల్లని అడిగే తీరా అది!

అది మేస్త్రిని చూడలేదు. నా వైపు తిరిగి, నోరు బాగా తెరిచి, నాకు అందేలా చెప్పింది.

"నాకూ వినపడదు."

మేస్త్రి ఏదో అరిచాడు. అది తల కుడివైపు వాల్చింది.

"మా నాన్నకి ఎప్పట్నించి వినపడదో నాకూ అప్పట్నించే వినపడదు. పడవెక్కిత్తే ఇద్దర్నీ ఎక్కించండి" అంది.

దాని వెనకకి కూడా ఆ రెంచీ మనిషిని పంపారు. వాడు బాదాడు, బాదాడు. నా కూతురు నాలాగే నిలబడింది. రెప్ప కూడా వెయ్యలేదు.


భాద్రపద బహుళ త్రయోదశి

నిన్న మేస్త్రి స్వయంగా గోడెక్కి రాళ్ళు కొట్టి చూశాడు. ఆయనకి అన్నీ ఒకలాగే ఉన్నాయట. ఇక చెవి తప్ప వేరే దారి లేదు. గోడలో పూర్వం వినే యంత్రాలుండేవి, పెరుగుతూ పెరుగుతూ రాయే వాటిని మింగేసిందని మా తాత చెప్పేవాడు. దూరపులంక నుంచి గోడ వినేవాణ్ణి తీసుకురమ్మని ఏకాదశి సాయంత్రమే పడవ పంపారు. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. అమావాస్య సాయంత్రానికి వస్తారు. పోటు ఆ పొద్దున్నే. మమ్మల్ని ఏం చెయ్యాలో కూడా ఆ తర్వాతే చూస్తామన్నారు.

పల్లపు వీధిని ఖాళీ చెయ్యమని చాటించారు. సగం మంది మూటలు కట్టుకుని మిట్ట మీదకి వచ్చారు. సగం మంది రాలేదు. సోమాలమ్మ పిన్ని రాలేదు. వెళ్ళి చేతులు పట్టుకున్నాను.

"చెవిటోడి మాట ఇని కొంప ఒదిలేత్తానేటిరా? చెమ్మని నువ్వే చెప్పావు" అంది. తిట్టడం లేదు, నవ్వుతోంది. ముందులాగే రెండు జంతికలు పెట్టింది.

ఇంట్లో మాణిక్యం కాళ్ళ మీద పడ్డాను. తండ్రిని కాళ్ళ మీద చూసి అది వెనక్కి జరిగింది. "ఒక్క మాట చెప్పమ్మా. వెళ్ళి బొద్దుమన్నాయని చెప్పు. నన్ను పడవెక్కించుకోనీ. ఒక్కణ్ణే పోతాను, నాకేం కాదు" అన్నాను. ఎదురుగా కూర్చుని నోరు బాగా తెరిచి చెప్పాను, అది నాకు చెప్పినట్టే. అది తల వాల్చి నా పెదాలకేసి చూసింది. తర్వాత తల ఊపింది. లేచి వెళ్తుందేమో అనుకున్నాను. లేవలేదు.

నూకరత్నం గోడకి చేరబడి కొంగు నోట్లో కుక్కుకుంది.


ఆశ్వయుజ శుద్ధ విదియ

మొన్న అమావాస్య పోటుకి మూడొందల నలభయ్యో రాయి ముందు పోయింది. తర్వాత అటూ ఇటూ వరసగా పోయాయి. తొమ్మిది కూడా కాలేదు, ఎండ బాగా ఉంది. ఆ చప్పుడు పెద్దదేనంటారు. నాకు కాళ్ళ కింద నేల అదరడమే తెలిసింది.

పేర్లు పుస్తకం ముందు పేజీల్లో రాశాను, రాళ్ళ నంబర్లు రాసే చోటే. మొదటి పేరు సోమాలమ్మ. తొమ్మిదో పేరు ఆ నడుం నొప్పి పిల్లాడిది. వాళ్ళ నాన్న మిట్ట మీదకి వచ్చేశాడు గాని, సున్నపు తట్ట మరిచిపోయానని వెనక్కి వెళ్ళాడు. తండ్రి వెళ్తే వాడు ఆగుతాడా? వెనకాలే వెళ్ళాడు.

మేస్త్రి నన్ను పడవెక్కించలేదు. మిగిలిన వాళ్ళందరం ఎక్కాం.


ఆశ్వయుజ శుద్ధ దశమి. దూరపులంక.

ఇక్కడ మాకు ఒక పెద్ద షెడ్డు ఇచ్చారు. గంజి పోస్తున్నారు. నా గురించి ఇక్కడందరికీ తెలుసు. ఎవరూ తిట్టరు, ఎవరూ పక్కన కూర్చోరు. అది న్యాయమే.

మాణిక్యాన్ని డాక్టరుకి చూపించాం. దీపం పెట్టి రెండు చెవుల్లోకీ చూశాడు. లోపల ఏ దోషమూ లేదన్నాడు. మరి పిలిస్తే ఎందుకు పలకదంటే, ఆ మాట నన్నడిగితే ఏం చెప్పనన్నాడు. నిన్న నూకరత్నం దాని వెనకాల గిన్నె పడేసింది. తిరగలేదట. మెడ నరం మాత్రం బిగుసుకుందట.

ఎవరు ఏం చెప్పినా తల ఊపుతుంది. గంజి తాగమంటే ఊపుతుంది, తాగదు. సుత్తి ఇంకా ఒళ్ళోనే పెట్టుకుంది. పల్లపు వీధిలో మిగిలిన పిల్లలు నలుగురు దాని చుట్టూ చేరి, అది ఎలా కూర్చుంటే అలా కూర్చుంటున్నారు. ఆటాపాటా లేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆ పిల్లల్ని పక్కకి పంపి దాని ఎదురుగా కూర్చున్నాను. అన్నీ చెప్పాను. గొట్టం పేలిన రోజు నుంచి మొదలుపెట్టాను. నేను రాళ్ళని విని తల ఊపలేదని, ఏమీ వినపడకే ఊపానని చెప్పాను. నీ చెవి తప్పు కాదు, మొదటిరోజు నువ్వు భయపడ్డావు చూడు, అదే సరైనదని చెప్పాను. చచ్చిన రాయి శబ్దం నువ్వు విననేలేదనుకున్నావు గాని మూడేళ్ళుగా విన్నదంతా అదేనమ్మా అన్నాను. తప్పంతా నాదే, నాలాగా ఉండకు అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆపుకోవాలనీ అనుకోలేదు.

అంతా అయ్యాక అడిగాను. "విన్నావా అమ్మా?"

మాణిక్యం ఎడమ అరచెయ్యి నా గుండె మీద ఆనించింది. కళ్ళు మూసుకుంది. తల కుడివైపు వాల్చి, నిమ్మళంగా ఊపింది.

విన్నదో లేదో నాకు తెలియలేదు.